మాండలిన్ పలుకు

రేడియోలో మాండలిన్ కచేరీ వినుచున్నప్పుడు మన మనస్సు సాధారణముగా వాద్యకారుని ఎడమచేతి మీదికి పోవును. ఏ మెట్టు మీద ఏ వ్రేలు పడినది, ఏ స్వరమును ఎంత లాగినాడు, ఏ గమకము ఎట్లు పలికినది అను విషయములనే మనము ముచ్చటించుకొందుము. కుడిచేతి సంగతి అడుగువారు అరుదు. ఆ కుడిచేతి రెండు వ్రేళ్ళ నడుమ వక్కపలుకంత చిన్న వస్తువు ఒకటి ఉండును. దానికి ప్లెక్ట్రమ్ అని పేరు. వాడుకలో పిక్ అందురు. మన చెవిని చేరిన ప్రతి స్వరమును మొదట పుట్టించినది ఆ చిన్న పలుకే.

మాండలిన్ నేర్చుకొనవచ్చిన పిల్లవాడు గురువును మొట్టమొదట అడుగు ప్రశ్న, "దీనిని ఎట్లు పట్టుకొనవలెనండీ?" అనునది. గురువు తన చేయి చూపి, "ఇదిగో, ఇట్లు" అనును. ఆ "ఇట్లు" అను మాట వెనుక పెక్కు దేశముల, పెక్కు శతాబ్దముల అనుభవము ఉన్నది. ఆ పట్టును ఎవరో ఒక మహానుభావుడు కూర్చుండి శాసింపలేదు. తంత్రి మారినప్పుడెల్ల పలుకు మారినది. పలుకు మారినప్పుడెల్ల చేతిపట్టు మారినది. ఆ వరుసను కొంచెము వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

తీగను మీటుటకు ప్రత్యేకముగా ఒక సాధనమును వాడుట మనకు క్రొత్త కాదు. అమరకోశములో వీణ మొదలగు వాద్యములను వాయించు సాధనమునకు కోణము అను పేరు ఉన్నది. నేటి వైణికులు గోటితోను వ్రేలికొనతోను మీటుదురు. సితారు వాయించువారు తీగతో చేసిన మిజ్రాబును చూపుడు వ్రేలికి తొడుగుకొందురు. సరోదు వాయించువారు కొబ్బరిచిప్పను అరగదీసి చేసిన జవాను వ్రేళ్ళతో పట్టుకొందురు. మిజ్రాబు అను అరబ్బీ మాటకును, ప్లెక్ట్రమ్ అను గ్రీకు మాటకును మూలమైన అర్థము ఒక్కటే: కొట్టునది.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మిజ్రాబు వ్రేలికి తొడుగుకొను వస్తువు. ఒకసారి తొడిగిన పిమ్మట దానిని గూర్చి చేయి ఆలోచింప పనిలేదు. మాండలిన్ పిక్ అట్టిది కాదు. దానిని కచేరీ సాగినంతసేపును పట్టుకొనియే ఉండవలెను. గట్టిగా పట్టుకొన్నచో చేయి బిగిసి స్వరము మొరటగును. మరీ వదులుగా పట్టుకొన్నచో జారి నేల మీద పడును. మాండలిన్ విద్యార్థి కష్టమంతయు ఈ రెంటి నడుమనే ఉన్నది.

మాండలిన్ పూర్వికుల జాడ తీసిన పరిశోధకులు యూరపులోని లూట్ అను వాద్యమును, దానికి వెనుక అరబ్బుల ఊద్ అను వాద్యమును చూపుదురు. తొమ్మిదవ శతాబ్దములో బాగ్దాదు నుండి స్పెయిన్ దేశములోని కార్డోబాకు వలసపోయిన జిర్యాబ్ అను గాయకుడు, అంతవరకు వాడుకలో నున్న కొయ్య సాధనమును మాని డేగ ఈకతో ఊద్ వాయించెనని అరబ్బు చరిత్రకారులు వ్రాసినారు. కొయ్య కంటె ఈక మృదువైనది. వంగును, తంత్రిని గాయపరుపదు. యూరపువారును చాలకాలము లూట్‌ను ఈకతోనే వాయించినారు. పదునైదవ శతాబ్దము చివర వారి సంగీతములో ఒకే వాద్యము మీద రెండు మూడు స్వరపంక్తులను కలిపి పలికింపవలసిన అవసరము కలిగినది. ఒక్క ఈక ఒక్కసారిగా అన్ని తంత్రులను విడివిడిగా మీటజాలదు గదా! అందుచే లూట్ వాద్యకారులు ఈకను ప్రక్కన పెట్టి వ్రేళ్ళను ఆశ్రయించినారు.

ఇటలీలో ఆ కుటుంబమునకు చెందిన చిన్న వాద్యమునకు మండోలినో అని పేరు. దానికి జంతువుల ప్రేవులతో చేసిన మెత్తని తంత్రులు ఉండెడివి. ప్రసిద్ధుడైన వివాల్డీ మాండలిన్ కొరకు రచించిన కంచెర్టోలు ఇట్టి వాద్యమునకే ఉద్దేశింపబడినవనియు, దానిని ఎక్కువగా వ్రేళ్ళతోనే వాయించెడివారనియు నేటి పరిశోధకులలో పలువురి అభిప్రాయము. మెత్తని తంత్రికి వ్రేలికొన చాలును.

పదునెనిమిదవ శతాబ్దము మధ్యకు నేపుల్స్ నగరములో వేరొక మాండలిన్ రూపుదిద్దుకొన్నది. ఈ పనిలో వినాచ్యా అను వాద్యనిర్మాతల కుటుంబము పేరు పొందినది. లోతైన బుఱ్ఱ, నాలుగు జతల తంత్రులు, ఫిడేలు తంత్రులకు పాశ్చాత్యులు చేయు శ్రుతియే దీనికిని శ్రుతి. నేడు మనము మాండలిన్ అనునది ఈ నేపుల్స్ వాద్యమునకు సంతతియే. దీని తంత్రులలో కొన్ని ప్రేవులతో చేసినవి, కొన్ని ఇత్తడివి. లోహపు తంత్రి వచ్చినంతనే వ్రేలికొన వెనుకకు తగ్గినది. సుమారు రెండున్నర శతాబ్దములకు ముందు లూట్‌వారు పారవేసిన ఈక తిరిగి చేతికి వచ్చినది.

ఈ వాద్యము ఇటలీ నుండి పారిస్ చేరి అచ్చటి సంపన్న గృహములలో మిక్కిలి వాడుకకు వచ్చినది. అప్పుడే నేర్చుకొనువారి కొరకు అచ్చుపుస్తకములును వెలువడినవి. 1768లో గాబ్రియేలె లియోనే ప్రకటించిన గ్రంథము ఫిడేలు నుండి మాండలిన్‌కు మారువారిని ఉద్దేశించినట్టిది. పియెత్రో దెనీ గ్రంథములోని మొదటి భాగమును ఆ సంవత్సరమే వచ్చినది. 1772లో మిషెల్ కొరెట్ మరియొక గ్రంథమును ప్రకటించినాడు. ఫిడేలు వచ్చినవానికి ఎడమచేతి పని ఇదివరకే తెలిసియున్నది. శ్రుతి ఒక్కటే, వ్రేళ్ళ దూరములు ఒక్కటే. అతనికి క్రొత్తది కుడిచేయి. అచ్చట కమాను పోయి ఈక వచ్చినది. కమానుకు క్రిందికి లాగు, పైకి త్రోపు అని రెండు చలనములు ఉన్నట్లే, ఈకకు క్రిందికి ఒక మీటు, పైకి ఒక మీటు. ఏ స్వరమునకు ఏది వాడవలెనను విచారణ ఆనాటి బోధనలో ముఖ్యమైనది. కాలము యొక్క బలమైన దెబ్బ మీద క్రింది మీటు, దాని నడుమ పై మీటు అను నియమమును నేటికిని మాండలిన్ గురువులు మొదటి పాఠముగా చెప్పుచున్నారు.

ఆ కాలమున గొప్ప స్వరకర్తలును ఈ వాద్యమును ఆదరించినారు. 1787లో ప్రేగు నగరములో ప్రదర్శింపబడిన డాన్ జొవాన్ని అను సంగీత నాటకములో మొజార్ట్ ఒక పాటకు మాండలిన్‌ను తోడు చేసినాడు. నాయకుడు రాత్రివేళ ఒక కిటికీ క్రింద నిలిచి పాడు పాట అది. 1796లో అదే ప్రేగు నగరములో బీథోవెన్, జోసెఫీన్ క్లారీ అను యువతి కొరకు మాండలిన్‌కు చిన్న రచనలు కొన్ని చేసినాడు. పిమ్మట కొలది కాలమునకే వాద్యము వాడుక తగ్గినది. 1844లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన గ్రంథములో ఈ విషయమును గూర్చి విచారము వెలిబుచ్చినాడు. మొజార్ట్ నాటకమును ఆడవలసివచ్చినప్పుడు మాండలిన్ వాయించువారు దొరకక, ఫిడేలు తంత్రులను వ్రేళ్ళతో మీటియో గిటారు వాయించియో సరిపుచ్చుచున్నారనియు, ఆ వాద్యపు ప్రత్యేకమైన గొంతు వీనిలో రాదనియు అతని ఫిర్యాదు. స్వరములు అవియే, శ్రుతి అదియే. అయినను గొంతు వేరైనది. మీటు సాధనము మారినచో వాద్యమే మారినట్లగునని ఆ ఫిర్యాదు వలన మనము గ్రహింపవచ్చును.

తరువాతి మార్పు నేపుల్స్‌లోనే, ఆ వినాచ్యా కుటుంబములోనే జరిగినది. పాస్క్వాలె వినాచ్యా 1806లో పుట్టి 1882లో మరణించినవాడు. ఇతడు మాండలిన్‌కు ఉక్కు తంత్రులు బిగించి, వాని లాగుడుకు తాళగల దృఢమైన బుఱ్ఱను, తంత్రులను బిగించుటకు మరలను ఏర్పరచి, మెట్లను పైకి పొడిగించినాడు. నేటి మాండలిన్ రూపము చాలవరకు ఇతడు ఇచ్చినదే. ఉక్కు తంత్రి ముందు ఈక నిలువలేదు. ఈక వంగునది, ఉక్కు వంగమనునది. ఈక స్థానములో తాబేటి చిప్ప వచ్చినది. డేగ ముక్కు వంటి ముక్కు గల ఒక జాతి సముద్రపు తాబేటి చిప్పను పలుచగా కోసి, అంచులను నునుపు చేసి వాడినారు. అది బిరుసైనది, కాని గాజువలె పగులదు, వేడికి ఒదుగును, చెమటకు జారదు.

ఇక్కడనే చేతిపట్టు కథ మలుపు తిరిగినది. మాండలిన్ తంత్రి పొడవు సుమారు 33 నుండి 35 సెంటీమీటర్లు మాత్రమే. ఇంత పొట్టి తంత్రిని మీటినచో నాదము వెంటనే మెరసి వెంటనే ఆరిపోవును. ఫిడేలు కమానువలె స్వరమును సాగదీయుటకు మాండలిన్‌కు దారి లేదు. ఉన్న దారి ఒక్కటే: నాదము ఆరకముందే మరల మీటుట, మరల మీటుట, క్రిందికిని పైకిని ఎడతెగక మీటుట. దీనినే ట్రెమొలో అందురు. పదునెనిమిదవ శతాబ్దములో ఇది అలంకారముగా అచ్చటచ్చట వచ్చెడిది. ఉక్కు తంత్రులు వచ్చిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దపు ఇటలీలో, మాండలిన్‌కు ప్రాణమే ఇది అయినది. దీపము ఆరకుండ చమురు పోయుచుండునట్లు, చేయి స్వరమును ఆరనీయక మీటుచునే యుండును. వినువానికి మీట్లు విడివిడిగా వినిపింపరాదు; ఒక్క పొడవైన స్వరము వణకుచున్నట్లు వినిపింపవలెను.

ఇట్టి పనిని బిగపట్టిన చేతితో ఎవరును చేయజాలరు. పిక్‌ను గట్టిగా నొక్కి పట్టినచో ఆ బిగువు బొటనవ్రేలి నుండి మణికట్టుకును, మణికట్టు నుండి ముంజేతికిని ప్రాకును. అర నిమిషములో చేయి నొప్పి పుట్టును, మీట్లు ఎగుడుదిగుడగును. వదలి పట్టినచో పలుకు తంత్రిని తాకినప్పుడు కొంచెము ఒదిగి, దాటిపోయి, మరల తన స్థానమునకు వచ్చును. అనగా పూర్వము ఈక చేసిన ఒదుగు పనిని ఇప్పుడు వ్రేళ్ళు చేయవలసివచ్చినది. సాధనములో మెత్తదనము పోయినది. ఆ మెత్తదనమును చేయి నేర్చుకొన్నది. పిక్‌ను వదులుగా పట్టుకొమ్మని గురువులు చెప్పు మాటకు మూలము ఇదియే.

ఆ పట్టును మాటలలో చెప్పవలసినచో ఇట్లు చెప్పవచ్చును. కుడిచేతి వ్రేళ్ళను పిడికిలి బిగింపకుండ సహజముగా లోనికి మడువవలెను. చూపుడు వ్రేలి కొన కణుపు ప్రక్క మీద పిక్‌ను పరుండబెట్టి, దాని మీద బొటనవ్రేలిని ఆనింపవలెను. పిక్ మొన మాత్రము బయటికి కొంచెము కనిపించుచుండవలెను. ముగ్గు వేయునప్పుడు పిండిని రెండు వ్రేళ్ళ కొనలతో పట్టుకొందుము; ఇది ఆ పట్టు కాదు. తాళమును తెరచుటకు తాళపుచెవిని పట్టుకొను పట్టునకు ఇది దగ్గరగా ఉన్నది. చలనము మణికట్టు నుండి రావలెను. తడిచేతిని విదిలించునప్పుడు మణికట్టు ఎంత స్వేచ్ఛగా ఆడునో అంత స్వేచ్ఛగా ఆడవలెను. మీటు తంత్రి జతలోని రెండు తంత్రులను ఒక్కసారిగా తాకవలెను. ఒక్కదానినే తాకినచో స్వరము సగమే పలుకును. ప్రతివాని చేతి నిర్మాణము ఒకటి కాదు కనుక కొలది భేదములు ఉండకపోవు. బిగువు లేకుండుట మాత్రము అందరికిని సమానమైన నియమము.

పందొమ్మిదవ శతాబ్దము చివర ఈ వాద్యము అట్లాంటిక్ సముద్రమును దాటినది. 1880లో స్పెయిన్ విద్యార్థుల వాద్యబృందము ఒకటి న్యూయార్కులో వాయించి జనులను ఆకర్షించినది. వారు వాయించినది మాండలిన్ కాదు, దానికి దగ్గర చుట్టమైన బందూర్రియా. అయినను ఆ ఉత్సాహమును అందుకొని అచ్చటి ఇటలీవారు మాండలిన్ బృందములను ఏర్పరచినారు. 1898లో ఆర్విల్ గిబ్సన్ అను అమెరికను, లోతైన బుఱ్ఱకు మారు ఫిడేలువలె చెక్కిన పలకలతో మాండలిన్ చేయు పద్ధతికి పేటెంటు పొందినాడు. 1922లో న్యూయార్కులో లుయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ రేకుల నుండి పిక్‌లు చేసి అమ్మసాగినాడు. తాబేటి చిప్ప ఖరీదైనది; సెల్యులాయిడ్ చవుక. ఆ మార్పు వలన సామాన్య విద్యార్థికి పిక్ అందుబాటులోనికి వచ్చినది. వన్యప్రాణుల వ్యాపారమును అదుపు చేయుటకు 1973లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరిన పిమ్మట, ఆ తాబేటి చిప్ప వ్యాపారమును క్రమముగా నిషేధించినారు. ఒక స్వరము కొరకు ఒక ప్రాణిజాతి నశింపరాదు గదా! అమెరికాలోనే బిల్ మన్రో అను పల్లెపాటల విద్వాంసుడు 1923లో తయారైన గిబ్సన్ మాండలిన్ మీద బలమైన తెగగొట్టు మీటును ప్రచారము చేసి, మాండలిన్ చేత మద్దెల పనిని కూడ చేయించినాడు. అచ్చట స్వరమును సాగదీయుటకు మారుగా, వెంటనే అణచివేయుట కళ అయినది. చేతిపట్టు దానికి తగినట్లు కొంత బిగిసినది.

ఇక మన దేశము మాట. హిందీ చలనచిత్ర సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ మాండలిన్ మీద హిందుస్తానీ రాగములను పలికించి పేరు పొందినాడు. ఇతడు 1917లో పుట్టి 1995లో కీర్తిశేషుడైనాడు. కర్ణాటక సంగీతమునకు ఈ వాద్యము తగునా అను ప్రశ్న మాత్రము చాలకాలము మిగిలియున్నది. ఆ సందేహమునకు కారణము లేకపోలేదు. మన సంగీతములో స్వరము ఒకచోట నిలుచు రాయి వంటిది కాదు. అది ఊగును, జారును, ప్రక్క స్వరమును తాకివచ్చును. గమకము పలుకదను కారణముననే 1940లో హార్మోనియమును రేడియో నుండి తొలగించినారు. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. మాండలిన్‌కు మెట్లు ఉన్నవి. వీణకును మెట్లు ఉన్నవి గాని, వైణికుడు ఒక్క తంత్రిని ప్రక్కకు లాగి గమకము పుట్టించును. మాండలిన్‌కు ప్రతిచోట తంత్రులు జంటగా ఉండును. రెండింటిని సమానముగా లాగనిచో అవి ఒకదానితో నొకటి కలహించును. పైగా, నాదము వెంటనే ఆరిపోవును గనుక గమకము పూర్తికాకముందే స్వరము చచ్చును. ఇటలీవారివలె ట్రెమొలోతో నిలుపుదమన్నచో, ఎడతెగని మీట్ల వణకులో గమకపు ఊపు మరుగుపడును.

ఈ చిక్కును విప్పినవాడు మన పాలకొల్లులో పుట్టిన బాలుడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంటిలో ఉన్న మాండలిన్‌ను ఆరేండ్ల వయసులో ఈ బాలుడు చేతబట్టినాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడెడివారు, శిష్యుడు ఆ పాటను తంత్రి మీద వెదకుకొనెడివాడు. కుడిచేయి ఎట్లు ఉండవలెనో చూపుటకు నమూనా అతని ముందు లేదు. గురువు గొంతు మాత్రమే ఉన్నది. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవములలో, తొమ్మిదేండ్ల వయసున, అతని మొదటి కచేరీ జరిగినది.

శ్రీనివాస్ వాద్యములోనే మార్పు చేసినాడు. జంట తంత్రులను తీసివేసి ఒంటి తంత్రులను ఉంచినాడు. నాలుగింటికి మారు అయిదు తంత్రులు బిగించినాడు. విద్యుచ్ఛక్తితో నాదమును పెంచు మాండలిన్‌ను గ్రహించినాడు. ఈ మూడు మార్పుల ఫలితము ఏమి? జంట పోయినందున తంత్రి లాగుడుకు లొంగినది. విద్యుచ్ఛక్తి వలన స్వరము నిలిచినది. స్వరము నిలిచినందున ఎడతెగని మీటు అవసరము తప్పినది. ఒక్క మీటు వేసి, ఆ నాదము సాగుచుండగా ఎడమచేతితో గమకమును పూర్తిచేయుటకు వీలైనది. నూరేండ్లకు పైగా స్వరమును బ్రతికించు బరువును మోసిన కుడిచేయి ఆ బరువును దింపుకొన్నది. ఎక్కడ మీటవలెను అను ప్రశ్నకు తోడుగా, ఎక్కడ మీటకుండవలెను అను ప్రశ్న ముఖ్యమైనది. గాయకుడు ఒక అక్షరమును ఎత్తుకొని ఒకే ఊపిరిలో అనేక స్వరములు పలుకునట్లు, వాద్యకారుడు ఒక్క మీటుతో అనేక స్వరములు పలికింపవచ్చును. సాహిత్యపు అక్షరము పడుచోట మీటు పడినచో పాట వినిపించును. ప్రతి స్వరమునకు మీటినచో లెక్క వినిపించును. పాడి నేర్పిన గురువు వద్ద చదువుకొన్నవానికి ఈ రహస్యము తెలియుటలో ఆశ్చర్యము లేదు. 1998లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్ల వయసులో, చెన్నైలో ఆయన కీర్తిశేషులైనారు.

ఈ కథ అంతయు చూచినచో, పిక్‌ను పట్టుకొనుటకు ఇదే సరియైన పద్ధతి అని అన్ని కాలములకు చెల్లు ఒక్క శాసనము దొరకదు. ప్రేవుల తంత్రి వ్రేలిని కోరినది. ఇత్తడి తంత్రి ఈకను కోరినది. ఉక్కు జంటలు తాబేటి చిప్పను, వదులైన మణికట్టును కోరినవి. ఒంటి తంత్రి మీటుల పొదుపును కోరినది. ప్రతి తరములోను మంచి వాద్యకారుడు చేసిన పని ఒక్కటే. తన చేతికి అలవాటైన బిగువును తంత్రి మీద రుద్దక, తంత్రి అడిగినదానిని చేతికి నేర్పినాడు.

మీ ఇంటిలో ఎవరైన పిల్లలు ఈ వాద్యమును అభ్యసించుచున్నచో, వారి బొటనవ్రేలి గోరును ఒకసారి చూడుడు. గోరు తెల్లబడియున్నచో పట్టు బిగిసినదని తెలిసికొనవచ్చును. మందలింప పనిలేదు, "కొంచెము వదులుము నాయనా" అన్న చాలును. పిక్ ఒకటి రెండుసార్లు జారి పడును. పడనిండు. జారిపడునేమో అను భయము పోయిన నాడు చేయి తేలికపడును. ఇకమీదట రేడియోలో మాండలిన్ వినిపించినప్పుడు ఒక్క నిమిషము గమకమును మరచి, ప్రతి స్వరము మొదలులో వినవచ్చు ఆ చిన్న "టిక్" అను తాకుడును ఆలకింపుడు. అది మొరటుగా ఉన్నదా, మెత్తగా ఉన్నదా అని చెవితోనే చెప్పవచ్చును. కంటికి కనిపింపని ఆ చేయి ఎట్లు పట్టుకొన్నదో ఆ తాకుడే చెప్పును.